విశ్వేశ్వరరావు అంకుల్ రాసిన జ్ఞాపకశక్తి పరీక్ష

విశ్వేశ్వరరావు అంకుల్‌ది సింగపూర్ యీషున్‌లో మా బ్లాకే, ఏడో అంతస్తు. బ్యాంకులో ప్రోగ్రామర్‌గా రిటైరయ్యాక రైల్లో బిషాన్ వెళ్లి తెలుగువాళ్ల పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. చిన్నప్పుడు నాకూ చెప్పాడు. పాలిటెక్నిక్ మధ్యలో వదిలేసి నేను ఫుడ్ డెలివరీకి తిరుగుతుంటే, లిఫ్టులో కనబడ్డప్పుడల్లా "ఏరా, బుర్రకి ఇంకా సెలవులేనా?" అనేవాడు.

నిరుడు ఆయన అడుగులు పొట్టివయ్యాయి. కాళ్లు నేలకి అంటుకున్నట్టు నడిచేవాడు. చెప్పిన లెక్కే మళ్లీ చెప్పేవాడు. బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో ఆయనకే తెలీదు.

అప్పుడే కమ్యూనిటీ క్లబ్బులో నోటీసు పెట్టారు. మెదడులోని సన్నటి రక్తనాళాలు పాడైతే మతిమరుపు జబ్బు ఎంతమందికి వస్తుందో చూడటానికి అరవై దాటినవాళ్లు కావాలట. చూసేది అడెబాయో అనే నైజీరియా డాక్టరు. వాళ్ల దేశంలో పెద్దవాళ్లని ఇలాగే పరీక్షించి, ఇక్కడివాళ్లతో పోల్చడానికి వచ్చాడు. స్కాన్ ఊరికే తీస్తారు. అంకుల్ పేరిచ్చాడు.

స్కాన్ అయింది. రెండు వారాల్లో జ్ఞాపకశక్తికి పరీక్ష ఉంటుందన్నారు. పరీక్ష అన్న మాట చెవిన పడగానే ఆయన భార్య కమలాదేవి ఆంటీ నన్ను పిలిచింది.

"బాబూ, పాత పేపర్లు దొరుకుతాయేమో చూడు."

"అది ఎంసెట్ కాదాంటీ."

"ఏదైతేనేం. తప్పితే నలుగురికీ తెలుస్తుంది, ట్యూషన్లు పోతాయి. ఆ పిల్లలు లేకపోతే ఈయన గోడకేసి చూస్తూ కూచుంటాడు."

నెట్‌లో దొరికింది. గడియారం బొమ్మ గీయాలి, ఐదు మాటలు గుర్తుపెట్టుకోవాలి, వంద నుంచి ఏడేసి తీసేస్తూ రావాలి. పొద్దున నేను, సాయంత్రం ఆంటీ, పద్నాలుగు రోజులు రుద్దాం. నిజం చెప్పాలంటే నాకు సరదాగానే ఉంది. ఆయన తప్పులు నేను దిద్దడం అదే మొదటిసారి.

ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చాయి.

డాక్టరు స్కాన్ చూపించాడు. సున్నం చిమ్మినట్టు అన్నీ తెల్లమచ్చలే. "మెదడుకి ఇంత దెబ్బ తగిలితే ఇన్ని మార్కులెలా వచ్చాయి?" అని తల గోక్కున్నాడు. మార్కులు బాగున్నాయి కాబట్టి మెమరీ క్లినిక్‌కి పంపలేదు, ఏడాది తర్వాత రమ్మన్నాడు. ఆంటీ మా అంతస్తుకి కూడా రవ్వలడ్డూలు పంపింది.

ఆ తర్వాత మూడో వారంలో, బిషాన్‌లో రైలెక్కిన అంకుల్ యీషున్‌లో దిగలేదు. క్రాంజీ దాకా పోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో వర్కర్ల డార్మిటరీ గేటు వరకూ నడిచాడు. అక్కడి శ్రీకాకుళం మనిషొకాయన అంకుల్ ఫోన్ తీసుకుని నాకు చేశాడు. వెళ్లేసరికి కాలిబాట అంచున కూర్చునున్నాడు. ఒక కాలికి చెప్పు లేదు.

"ఇల్లు ఎప్పుడు మార్చారురా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పేస్తానన్నాను ఆంటీతో.

"మనల్ని మోసగాళ్లనుకుంటారు."

"మోసమే కదాంటీ చేసింది."

"నీ చదువు మానేశావు, ఇప్పుడు ఆయన పాఠాలూ మానిపిస్తావా?"

గట్టిగానే తగిలింది. అయినా వెళ్లి చెప్పాను.

అడెబాయో అంతా విన్నాడు. "మా ఊళ్లో కూతుళ్లు కుర్చీ వెనక నిలబడి జవాబులు గొణుగుతారు. కోచింగ్ ఇచ్చి పంపినవాళ్లని చూడటం ఇదే మొదలు," అన్నాడు. నవ్వలేదు. పాత మార్కులు కొట్టేసి, వేరే పేపరుతో మళ్లీ పెడతానన్నాడు.

ఈసారి పదిహేడు. ఐదు మాటల్లో ఒక్కటీ రాలేదు.

"ఎన్నొచ్చాయి?" అన్నాడు అంకుల్ బయటికొచ్చి. చెప్పాను.

"నువ్వు సరిగ్గా చెప్పలేదు," అన్నాడు.

మెమరీ క్లినిక్‌కి తేదీ ఇచ్చారు. వెంట వచ్చిన ఆంటీ పరీక్ష గది బయట వరండాలోనే కూర్చుని బిషాన్ తల్లులకి ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. ఆయనకి ఒంట్లో బాగోలేదు, ఇక రారు అని అందరికీ అదే మాట. నా వైపు చూడలేదు. నాలుగో ఫోన్ మధ్యలో అంకుల్ చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు.

"మీ కీర్తికకి భిన్నాలు ఇంకా రావమ్మా," అన్నాడు. "ఎవరికైనా అప్పజెప్పండి."