వానకు క్షమాపణ

పట్టుదారం తీసే పద్ధతి చూసి రమ్మని పంతొమ్మిది వందల అరవైల్లో మమ్మల్నిద్దరినీ జపాను పంపారు. రెండో మనిషి ధర్మవరం మగ్గాల పెద్దాయన. చినుకు పడితే చాలు, పెద్దవాళ్ళు ఎదురైనట్టు తలగుడ్డ తీసి నిలబడటం ఆయన అలవాటు.

ఒకరోజు నగరమంతా కనిపించే కొండమీది పార్కుకు తీసుకెళ్ళారు. ఎక్కేసరికి వాన కమ్మి నగరం మాయమైంది. నాకు ఒళ్ళు మండింది. మాకు గొడుగు పట్టిన జపాను అతను, వాన పడినందుకు నడుం వంచి ఇంగ్లీషులో క్షమాపణ చెప్పాడు. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే పెద్దాయన బిత్తరపోయారు.

"వానొస్తే తప్పయిందంటాడేమప్పా?" అంటూ తలగుడ్డ తీసి, గొడుగు కిందినుంచి బయటికి నడిచారు.

ఊరికొచ్చాక, కొండమీంచి ఏం కనపడిందని ఎవరడిగినా ఒకటే జవాబు.

"వానప్పా. ఇంకేమీ కనపల్లేదు. శానా బాగుండె."