రెండో వరసలో ఆరు సీట్లు

కోవిడ్ తర్వాత హాళ్లు తెరిచిన రెండో చలికాలం అది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక ట్రస్టు సభాగృహంలో నేను బుకింగ్ ఇన్‌చార్జిని. రిటైర్మెంటుకు ఆరు నెలలున్నాయి. బడి మొహం చూడకుండా, ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు బైబిలు మీద చదువు నేర్చుకుని, మరాఠీలో ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసైన మనిషికి ఆ కుర్చీ దొరకడం దేవుని దయ. ఇప్పటికీ అదే అంటాను. ఆ కుర్చీలో కూర్చుని చేసిన ఒక పనికి మాత్రం ఆయనకు వందనాలు చెప్పలేను.

ఆ నెల మా హాలుకు విదేశం నుంచి ఊరూరా తిరుగుతూ వచ్చే ఒక బ్రాస్ బ్యాండు బుక్ అయింది. పాతికమంది, అన్నీ ఇత్తడి బాజాలే. టికెట్టు బాల్కనీలో ఆరు వందలు, కింద పన్నెండు వందలు. అంత ఎందుకని జనం అడిగేవారు. బ్యాండు ఖర్చు ఒక్కటే కాదు. హాలు అద్దెకిచ్చేటప్పుడు ముందు రెండు వరసలు మాకు వదలాలని ఒప్పందంలో రాసుకుంటాం. అధికారులకు, ట్రస్టీల చుట్టాలకు అవి ఉచిత పాసులు. వాటి మీద రాని సొమ్మును ఆర్గనైజరు వెనక సీట్ల మీద వేసుకుంటాడు. పాసు తీసుకున్నవాళ్లలో సగంమంది రానే రారు.

నాటకాల హాళ్ల ఆచారం ప్రకారం మేమూ తెర లేచేముందు మూడుసార్లు బెల్లు కొడతాం. రెండో బెల్లుకు కూడా రాని పాసు సీట్లను వదిలే అధికారం బుకింగ్ ఇన్‌చార్జిది. సీటు నంబర్లు రాసి సంతకం పెట్టిన చిట్టీ చూపిస్తే గేట్‌కీపరు ఎవరినైనా కూర్చోబెట్టాలి. మేనేజరు సంతకం అవసరం లేదు. మూడో బెల్లుకు తలుపులు మూసేస్తారు.

ప్రోగ్రాముకు నాలుగు రోజుల ముందు దావీదు మామ బుకింగ్ కిటికీ దగ్గరకు వచ్చాడు. లాల్‌పేట్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లిళ్లకు, మా చర్చి ఊరేగింపులకు వాయించే ఆరుగురి బ్యాండుకు మాస్టరు. రేటు చెప్పగానే నవ్వాడు.

“ఆళ్లయి ఇత్తడియే, మాయి ఇత్తడియే. పెండ్లిల పొద్దందాక ఊదినా మనిషికి గంత రాదు గద బిడ్డా.”

బొగ్గు దుమ్ముతో ఆయన ఊపిరి పోతోంది. ఈ సీజన్ దాటితే ఊదలేనని డాక్టరు చెప్పకముందే ఆయనకు తెలుసు. తన తర్వాత బ్యాండు నడపాల్సినవాళ్లకు నాలుగు స్వరాలు ఒకదాన్నొకటి తొక్కకుండా ఎట్లా నడుస్తాయో వినిపించాలని ఆయన పట్టుదల. “నోటితోటి చెప్తె ఎక్కుతలేదు గీళ్లకు. ఒక్కసారి చెవులతోటి ఇంటె చాలు. మల్ల గిసుంటిది మన ఊరికి ఎప్పుడొస్తదో, నేను ఉంటనో లేనో.”

రెండో బెల్లు దాకా ఆగితే ఆరుగురినీ కూర్చోబెడతానని మాటిచ్చాను. పెద్ద హాలు కదా, మంచి బట్టల్లో రమ్మన్నాను. బ్యాండు కోట్లే వేసుకొమ్మన్నాను. ఈస్టర్ వేకువన ఆ ఎర్ర కోట్లు ముందు నడిస్తే మేం వెనక నడుస్తాం. నా కంటికి అవి గౌరవమైన బట్టలు.

ఇస్త్రీ కోట్లలో, బాజాలు లేకుండా, అరగంట ముందే వచ్చారు. గేట్‌కీపరు ఆపేశాడు. “బ్యాండోళ్లు ఎనక గేటుకెల్లి రావాలె. మీ సామాన్లేవి?”

“మేం ఇననీకె వచ్చినం,” అన్నాడు మామ.

“ఇననీకె గీ డ్రెస్సా?”

రెండో బెల్లు మోగింది. పాసుల వరసల్లో తొమ్మిదిమంది ఉన్నారు, అందరూ మొదటి వరసలోనే. పందొమ్మిది సీట్లు ఖాళీ. రెండో వరసలో ఆరు నంబర్లు రాసి, సంతకం చేసి తలుపు దగ్గరకు వెళ్లాను. అక్కడ మేనేజరు నిలబడి ఉన్నాడు. చిట్టీ చూశాడు, కోట్లు చూశాడు. గొంతు పెంచలేదు. రెండో వరసలో పెళ్లి బ్యాండు కూర్చుంటే ఫొటోల్లో ఎట్లా కనబడుతుందో నన్నే ఆలోచించమన్నాడు. మరాఠీలో అక్కా అని పిలిచినట్టు, “తాయీ, ఇన్నేళ్లు మంచిగ చేశారు. ఇప్పుడెందుకు?” అన్నాడు.

ఆయన చిట్టీ తీసుకోలేదు, చింపలేదు. అది నా చేతిలోనే ఉంది. గేట్‌కీపరు నా ముఖం వంక చూస్తున్నాడు. నేను దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. మూడో బెల్లు మోగింది.

ఏసీ హాలు కనుక బయట మెట్ల మీద నిలబడ్డవాళ్లకు చప్పుడు కూడా రాదు. ఆ ఆరుగురిలో ఒకడు, “మామా, కోటు ఇప్పి బనీను మీద వస్తె కూసోబెడుతుండె,” అన్నాడు. మామ నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆగాక, “ఊకోండ్రి. రూతమ్మ నౌకరి రూతమ్మకు ఉండాలె,” అని నా వైపు తిరిగాడు. “మా కోసం గింత అడిగినోళ్లు గూడ లేరు బిడ్డా. దేవుడు నిన్ను సల్లగ జూడాలె.”

ఆ దీవెన కన్నా తిట్టు నయం.

డ్యూటీ ఉంది కనుక లోపలికి వెళ్లి పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. పాతికమంది ఒక్కసారే ఊపిరి పీల్చడం వినిపించింది. ఆ తర్వాత వాయించింది ఎంత మెల్లగా ఉందంటే, అన్ని స్వరాలూ విడివిడిగా తెలుస్తున్నాయి. సంగీతం తెలియని నాకే తెలిశాయి. రెండో వరస ఖాళీగా ఉంది. ఫొటోల్లోనూ అట్లాగే పడింది.

ఆ ఈస్టర్‌కు దావీదు మామ ఊరేగింపులో నడిచాడు, ఊదలేదు. మిగతావాళ్లు ఎప్పట్లాగే ఒకరి మీద ఒకరు పడుతూ వాయించారు. మరుసటి ఏడు బ్యాండు లేదు, బండి మీద స్పీకర్లు పెట్టారు. నాకు పెన్షను పూర్తిగా వచ్చింది.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. చిట్టీ రాసే అధికారం ఉన్నవాళ్లు రాసిన వెంటనే అవతలి మనిషి చేతిలో పెట్టాలి. తలుపు దాకా తమ దగ్గరే ఉంచుకోకూడదు. మాట మీద నిలబడతామని అందరం అనుకుంటాం. టికెట్టు ధర పెట్టింది నేను కాదు. కానీ ఆ సాయంత్రం వాళ్లు బయట ఉన్నది ధర వల్ల కాదు.