మా అత్త మింగేసిన మాట

నా చిన్నప్పుడు, మనిషిని కొడితే ఎలాంటి చప్పుడు వస్తుందో నాకు తెలియదు. సినిమాల్లో వినపడేదే నిజమనుకునేదాన్ని. అది శుద్ధ అబద్ధం. ఒంటి మీద ఇనుప కడ్డీ పడితే తడిబట్టను బండకేసి కొట్టినట్టుంటుంది, అంతే. ఆ తేడా నాకు పదకొండేళ్ళ వయసులో, రాయపూర్‌లో మా అత్త పనిచేసే ప్రభుత్వాసుపత్రి వరండాలో తెలిసింది. నాకింకా నలభై నిండలేదు కానీ మా ఇంట్లో పిల్లల దృష్టిలో నేను ముసలమ్మనే. వాళ్ళు ఫోన్లలో కొట్లాటలు చూసి పగలబడి నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్నకి రైల్వేలో ఉద్యోగం. అమ్మ నన్ను కన్న రెండేళ్ళకే పోయింది. నాన్న చెల్లెలే నన్ను పెంచింది. ఆమె కాలిన రోగుల వార్డులో నర్సు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "దీని జడలు వెయ్యడానికే టైము చాలట్లేదు, మొగుడొకడా" అనేది. రోజూ నాకు ఒకటే హెచ్చరిక. "ఛుట్టీ అవగానే సీదా ఇక్కడికే రా. ఇధర్ ఉధర్ తిరిగావంటే కాళ్ళు విరగ్గొడతాను." నేను స్కూలు నుంచి నేరుగా వెళ్ళి, వార్డు కిటికీ కింద వరండాలో ఉన్న బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఆమె డ్యూటీ దిగాక ఇద్దరం కలిసి ఇంటికెళ్ళేవాళ్ళం.

అది ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి రోజుల మాట. ఊరవతల సిల్తారా వైపు ఇనుము కరిగించే ఒక ఫ్యాక్టరీలో భట్టీ పేలి, కరిగిన ఇనుము ఒక కూలీ మీద పడింది. అతను శ్రీకాకుళం వైపు మనిషి. ఒక కాంట్రాక్టరు తీసుకొచ్చిన జట్టులో ఒకడు. ముఖం, పాదాలు తప్ప మిగతా ఒళ్ళంతా కాలిపోయింది. బతకడని డాక్టరు తేల్చేశాడు. అలాంటి మనిషి చివరిమాటను తహసీల్దారు స్వయంగా వచ్చి రాసుకోవాలి. ఆ సమయంలో పోలీసులు గానీ చుట్టాలు గానీ గదిలో ఉండకూడదు. ఆ కూలీకి హిందీ రాదు, తహసీల్దారుకి తెలుగు రాదు. అందుకని అతను చెప్పేది హిందీలో చెప్పే పని మా అత్త మీద పడింది.

ఆ శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మెట్ల దగ్గర ఒకాయన మా అత్తతో మాట్లాడుతున్నాడు. తెల్ల చొక్కా, మెడలో గొలుసు. నన్ను చూసి నవ్వి, తల నిమిరి, జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు. "రోజ్ ఇసీ రాస్తే సే ఆతీ హో నా, బేటీ?" అని అడిగాడు. రోజూ ఈ దారినే వస్తావు కదా అని. అవునన్నాను. ఆయన మాట్లాడింది నాతోనే గానీ, చూసింది మా అత్త వైపు. మంచాయన అనుకుని నేను ఆ చాక్లెట్ తినేశాను. మా అత్త ముఖం ఎందుకలా పాలిపోయిందో అడగాలని కూడా నాకు తోచలేదు.

తహసీల్దారంటే జీపు దిగుతాడని నా ఊహ. ఆయనేమో పాత స్కూటరు మీద వచ్చారు, భుజాన గుడ్డసంచీ వేలాడేసుకుని. పొట్టిగా, బట్టతలతో, మా స్కూల్లో బెల్లు కొట్టే తాతలా ఉన్నారు. ఆ ఊరి ఛత్తీస్‌గఢీ మనిషి. లోపలున్న వాళ్ళందరినీ బయటకు పంపారు. తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ని కదలొద్దన్నారు. రోగికి స్పృహ ఉందని డాక్టరు చేత రాయించుకున్నారు. కిటికీ కింద నేనున్నానని మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ కూలీ గొంతు సన్నగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. ఇన్నేళ్ళయినా ఒక్క ముక్క మర్చిపోలేదు నేను. "భట్టీలోకి నీల్లు కారతన్నాయి సిస్టరమ్మా, పేల్తాదని పొద్దుటేలే సెప్పినాం. నాను దిగనన్నాను. రాడ్లట్టుకుని కొట్టి దింపినారు. బైటికి పోకుండా గేటుకి తాలమేసీసినారు. మావోలు పన్నెండుమంది ఇంకా లోపలే ఉన్నారు. రేపు రెండో భట్టీ కాడ దింపీస్తారు. అదీ కారతంది. ఆల్లని బైటికి తియ్యమని సెప్పండి."

మా అత్త హిందీలో చెప్పింది. భట్టీలో నీళ్ళు కారాయి, పేలింది, ఇనుము మీద పడింది. అంతే. కొట్టడం లేదు, తాళం లేదు, పన్నెండుమంది లేరు. రెండు భాషలూ వచ్చిన మనిషి ఆమె కాక నేనొక్కదాన్నే. పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. తహసీల్దారు గారు రాయడం ఆపి, "కుఛ్ ఛూటా తో నహీఁ, సిస్టర్?" అని అడిగారు. ఏమీ వదిలిపోలేదు కదా అని. మా అత్త "నహీఁ, సర్" అంది. చర్చిలో పిల్లలకి అబద్ధం పాపమని నేర్పే మనిషి ఆమె. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. దిక్కుమాలిన కోపం! చాక్లెట్ ఇచ్చినాయన ఫ్యాక్టరీ మనిషని, ఆ భయమంతా నా గురించేనని తెలిసే వయసా నాది?

తహసీల్దారు గారు ఇంకా లేవకముందే ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన నలుగురు వచ్చారు. కానిస్టేబుల్ అప్పటికే టీకి వెళ్ళిపోయాడు, లేదా పంపేశారు. నేను బెంచీ ఎక్కి కిటికీ జాలీలోంచి చూశాను. మొదటివాడు డాక్టర్ని గోడకేసి నెట్టాడు. రెండోవాడు సెలైన్ సీసా తగిలించే ఇనుప కడ్డీ లాక్కుని తహసీల్దారు గారి భుజం మీద కొట్టాడు. నేను చెప్పిన చప్పుడు అదే. ఆయన కుర్చీతో సహా పడ్డారు. పడుతూనే కాగితాన్ని పొట్ట కింద పెట్టుకుని బోర్లా ముడుచుకున్నారు. నడుం మీద, వీపు మీద, తల మీద కొట్టారు. బూటుకాళ్ళతో తన్నారు. నుదురు చిట్లి రక్తం నేల మీద కారింది. అడ్డం వెళ్ళిన మా అత్తను జుట్టు పట్టి లాగి మంచం కోడుకేసి కొట్టారు. ఆమె పెదవి చీలిపోయింది. మంచం మీదున్న మనిషి కదల్లేడు, కళ్ళు మూసుకోనూ లేదు. "ఆపండ్రా, ఆపండ్రా" అని గొణుగుతూనే ఉన్నాడు. నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. లాగు తడిసిపోవడం మాత్రం గుర్తుంది.

చివరికి ఆయన్ని వెల్లకిలా తిప్పి, కాగితం లాక్కుని, ముక్కలు ముక్కలుగా చించారు. ఒక్కడూ చదవలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు ఊరంతా చెప్పుకుంటున్న ప్రమాదం కథే అందులోనూ ఉంది. తమను కాపాడే కాగితాన్ని తామే చించుకున్నారు, మూర్ఖులు.

ఈలోగా పక్క వార్డులోంచి ఒక ముసలామె, మనవడికి గంజి తాగిస్తున్నది, గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఏ రోగహా మన! అస్పతాల్ మా మారత్ హవ?" అని శాపనార్థాలు పెట్టింది. ఆసుపత్రిలో కొడతార్రా రోగిష్టి వెధవల్లారా అని. ఆమె వెనకాల రోగుల చుట్టాలందరూ వచ్చారు. జనం పోగయ్యేసరికి ఆ నలుగురూ వెళ్ళిపోయారు.

డాక్టరు కుట్లు వేస్తానని వస్తే తహసీల్దారు గారు చేయి అడ్డం పెట్టారు. "పహలే బయాన్. టాంకే బాద్ మే." ముందు వాంగ్మూలం, కుట్లు తర్వాత. జనాన్ని బయటకు పంపి, కుర్చీ లేపించుకుని కూర్చున్నారు. ఎడమ చెయ్యి ఆడటం లేదు. సంచీలోంచి ఇంకో కాగితం తీశారు. మా అత్త బయటికొచ్చి నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. దీన్ని బయట ఒదలను సర్ అని హిందీలో అంది. ఆయన నన్ను చూశారు, ఆమె చీలిన పెదవిని చూశారు. ఉండనీ, గోడ వైపు తిరిగి నిలబడమనండి అన్నారు.

గోడ వైపు తిరిగే విన్నాను నేను. ఆయన ఆ నలుగురి గురించి అడగలేదు. మా అత్తను నిలదియ్యలేదు. ఏమీ జరగనట్టు మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టబోతూ, "సిస్టర్, కుఛ్ ఛూటా థా క్యా?" అన్నారు. మా అత్త ఏడ్చేసింది. "ఛూటా థా, సర్. బహుత్ కుఛ్ ఛూటా థా." వదిలిపోయింది, చాలా వదిలిపోయింది అని.

ఆ కూలీ మళ్ళీ మొత్తం చెప్పాడు, ముక్క ముక్కకీ ఊపిరి తీసుకుంటూ. ఈసారి మా అత్త అన్నీ చెప్పింది. రాడ్లు, తాళం, పన్నెండుమంది, రెండో భట్టీ. అతని చేతులకు చర్మం లేదు కాబట్టి కుడి కాలి బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించారు. రాస్తుండగా ఆయన నుదుటి నుంచి ఒక రక్తపు బొట్టు కాగితం మీద పడింది. దాన్ని తుడవలేదు. చుట్టూ కలంతో గీత గీసి, ఈ రక్తం నాది, వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తిది కాదు అని పక్కన రాసి సంతకం పెట్టారు. రేపు కోర్టులో ఎవరూ ఇంకో కథ అల్లకుండా. ఆ తర్వాత డాక్టరు గది నుంచి పైఅధికారులకి ఫోన్ చేసి, తాళం తీయించమని గట్టిగా చెప్పారు. అప్పుడు గానీ కుట్లకి కూర్చోలేదు.

కుట్లు పడుతుండగా మా అత్త ఆయన కాళ్ళ దగ్గర నిలబడి, నిజం లేని కాగితం కోసం మీరు దెబ్బలు తిన్నారు సర్ అంది. ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పారు. అతనంత సేపు మాట్లాడితే మీరు రెండు ముక్కలు చెప్పారు, నాకు అప్పుడే అర్థమైంది. కానీ నాకు తెలియని భాషలో మాట నేను ఊహించి రాయలేను. ఇంకో తెలుగు మనిషిని పిలిపించి మళ్ళీ అడిగేవాణ్ణి. అప్పటిదాకా అతనుండేవాడో లేదో. మీకు భయం వేయడం తప్పు కాదు, నాకూ కూతుళ్ళున్నారు అన్నారు.

పొద్దు వాలేలోపు పోలీసు వ్యాన్ వచ్చింది. మసి కొట్టుకున్న మనుషులు ఒక్కొక్కరే దిగారు. కొందరి వీపుల మీద కడ్డీ వాతలు తేలి ఉన్నాయి. వార్డు బయట వరసగా నిలబడితే మా అత్త కిటికీ తెరిచింది. అతను తల తిప్పలేడు, కళ్ళు మాత్రమే తిప్పాడు. "అందరూ వొచ్చీసినారేటి?" అన్నాడు. వాళ్ళల్లో పెద్దవాడు, "వొచ్చీసినాం తమ్ముడా, పన్నెండుమందిమీ వొచ్చీసినాం" అన్నాడు. మర్నాడు ఉదయం అతను చనిపోయాడు.

దెబ్బల వల్ల మంచి జరిగిందని మాత్రం నేను ఒప్పుకోను. ఆ మాట ఎవరన్నా కోపమొస్తుంది. దెబ్బల వల్ల ఆయన ఎడమ చెయ్యి జీవితాంతం సరిగ్గా పైకి లేవలేదు, అంతే. మంచి జరిగింది ఆయన లేచి కూర్చుని మళ్ళీ అడిగినందువల్ల. కేసు ఏళ్ళ తరబడి సాగింది. కాంట్రాక్టరుకి, సూపర్‌వైజరుకి జైలు పడింది. యజమాని తప్పించుకున్నాడు. అయినా ఆ కాగితం మీది మరక గురించి ఒక్క వకీలూ నోరెత్తలేకపోయాడు.

నేనిప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. జనం చెప్పే ఫిర్యాదులు రాసుకోవడం నా పని. పక్క సీటు అబ్బాయి ఎంత పెద్ద గోడునైనా నాలుగు లైన్లలో తేల్చేస్తాడు. నాకది చేతకాదు. ఎదుటి మనిషి చెప్పిందంతా రాస్తాను, తిరిగి చదివి వినిపిస్తాను, అతను తలూపేదాకా కలం మూయను. క్యూ తలుపు దాకా పెరుగుతుంది, వెనక ఉన్నవాళ్ళు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. మా అత్త ఆ రోజు మింగేసింది ఒక్క మాటే. అందులో పన్నెండుమంది ఉన్నారు.