మా కందిచేను మీద కురవని మంచు

ఒక్క మాటతో పచ్చటి కందిచేనును పట్టపగలు నేలమట్టం చేయించిన ఘనుణ్ణి నేను. మిడతల దండు కూడా నా ముందు దిగదుడుపే. ఈ కథ విని మీరు హాయిగా నవ్వుకోవచ్చు. మా నాయన మాత్రం బతికినన్నాళ్లూ నవ్వలేదు.

అప్పటికింకా మద్రాసు సర్కారే. పలకలూ కందులూ వ్యాపారం చేసే శెట్టిగారు మార్కాపురంలో తన దుకాణంలో కొత్తగా రేడియో పెట్టాడు. పెద్దారవీడు పక్కన మా ఊళ్లో స్కూలు ఫైనలు గట్టెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, అది నాకోసమే మాట్లాడుతుందని నా నమ్మకం. ఆ చలికాలం ఉప్పు కొనడానికి వెళ్లి, దుకాణం మెట్ల మీద నిలబడి చెవులారా విన్నాను. రాగల రెండు రోజుల్లో ఉత్తరాది కొండల్లో మంచు కురుస్తుందట. చలిగాలులకు పైర్లు దెబ్బతింటాయట.

మా ఊరికి ఉత్తరాన ఉన్నవేమిటి? నల్లమల కొండలు! ఇంకా అనుమానమా? ఆ ఏడు మా ఇంట్లో పప్పు ఉడకాలంటే ఆ కందిచేనే దిక్కు. ఉప్పు సంగతి మరిచి పరుగెత్తాను.

"నాయనా! నల్లమల మీద మంచు పడతాది! చేను మాడిపోతాది!"

"ఏందిరా నువ్వనేది? మా తాత కాలం నుంచి పడని మంచు ఇప్పుడెందుకు పడతాది?"

"రేడియోలో చెప్పినారు. సర్కారోళ్లు అబద్ధం చెప్తారా?"

వాకిట్లో జొన్నలు చెరుగుతున్న మా మేనత్త తలెత్తి చూసింది. "ఆకాశం అద్దం మాదిరి ఉండాది కదరా?"

"మంచు అట్లనే వస్తాదత్తా, చెప్పాపెట్టకుండా."

మంచును నేను కలలో కూడా చూసినవాణ్ణి కాదు. అయినా దాని గుణగణాలన్నీ నాకే తెలుసు, చూశారా!

"కాయ ముదరనే లేదు గదరా," అన్నాడు నాయన దిగులుగా.

"పచ్చికాయన్నా దక్కుతాది. కోయించు నాయనా!"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు కదా లోకంలో. నేను చేతులు కాలకముందే ఆకులతో సహా చేనంతా కోయించాను. గేదెలకు గోనెపట్టాలు కప్పించాను. చలికి చస్తుందని అత్త తన మేకను వంటింట్లో కట్టేస్తే, అది ఏడాదికి సరిపడా చింతపండు ఆరగించింది.

రెండు రోజులూ గడిచాయి. ఎండ మండిపోతోంది. మేము కంబళ్లు కప్పుకుని, చెమటలు కారుస్తూ కొండవైపే చూస్తున్నాం. అప్పుడు గొడుగు వేసుకుని శెట్టిగారు బండి దిగాడు, కందుల బేరం మాట్లాడుకుందామని. చేలో మోళ్లు చూసి నోరు తెరిచాడు.

"ఏందప్పా ఇది? పగోళ్లెవురన్నా కోసుకపోయినారా?"

"లేదు శెట్టీ, మావోడే కోయించినాడు. నల్లమల మీద మంచు పడతాదని నీ రేడియో చెప్పిందంట గదా?"

శెట్టిగారు నావైపు తిరిగాడు. "ఓరి నీ పాసుగూల! అవి హిమాలయాలురా అబ్బీ! రైలెక్కినా దినాలకు దినాలు పోవాల!"

నేను నిలువునా కొయ్యబారిపోయాను. మంచు పడనే పడింది, కాకపోతే నా ఒక్కడి మీదే. హిమాలయాలు ఉత్తరాన ఉంటాయని పరీక్షలో రాసి మార్కులు కొట్టేసినవాణ్ణి! అయినా నల్లమల దారిలో ఉన్న దోర్నాల దాటాక కూడా దేశం ఉంటుందని ఆ రోజు ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ తెలియదు.

నాయన కొడతాడనుకున్నాను. కొట్టలేదు. గట్టు మీద కూలబడి మోళ్లనే చూస్తూ ఉండిపోయాడు. దానికంటే నాలుగు తగిలించి ఉంటే బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇక ఆ పచ్చికాయను ఏం చేస్తాం? ఉప్పేసి ఉడికించాం. పొద్దున కందికాయలు, మధ్యాహ్నం కందికాయలు, రాత్రికీ అవే. ఒకపూట వాటి వాసన పడక విస్తరి ముందు నుంచి లేవబోయాను. అన్ని రోజులూ నాతో పలకని నాయన అప్పుడు నోరు విప్పాడు.

"కూచోరా. మంచు పడిందాకా తిను."

చేతిలో ఉన్న కందికాయ మీదే ప్రమాణం చేశాను, ఈ జన్మలో వాతావరణం గురించి నోరెత్తనని. ఇప్పటికీ నేను నిలువెల్లా తడిసి ఇంటికొచ్చినప్పుడు, బయట వాన పడుతోందా అని మా ఆవిడ అడిగితే, తలుపు తీసి నువ్వే చూసుకోమంటాను.