గ్యారేజీలో ఇచ్చిన తెల్ల కారు

పొద్దున మా కారును చిక్కడపల్లిలో సర్వీసింగుకిచ్చాను. సాయంత్రం దాకా వాడుకోమని గ్యారేజీ యాదగిరి ఒక తెల్ల కారు తాళాలు చేతిలో పెట్టాడు. నాకసలే భయం ఎక్కువ.

"అన్నా, దీన్ని నేనెక్కడైనా గుద్దితే ఇన్సూరెన్స్ వస్తుందా?"

"ఎందుకు రాదు సార్? ఓనర్ మొన్ననే ఫుల్ ఇన్సూరెన్స్ కట్టిండు. పరేషాన్ గాకుండ పోండ్రి."

ఓనరంటే యాదగిరే అనుకున్నాను.

నారాయణగూడ సిగ్నల్ దగ్గర నా పక్కనే మా కారు వచ్చి ఆగింది. కిటికీ అద్దం మీద మా అమ్మాయి అంటించిన ఏనుగు స్టిక్కరు. లోపల ఎవరో పెద్దాయన, నేను నడుపుతున్న తెల్ల కారు వంక అదేపనిగా చూస్తున్నాడు. అద్దం దించాడు.

"బాబూ, మీరు నడిపేది నా కారండీ. సర్వీసింగుకిచ్చాను."

"మీరు నడిపేది నాదండీ. నేనూ సర్వీసింగుకే ఇచ్చాను."

గ్రీన్ పడింది. ఇద్దరం తిన్నగా చిక్కడపల్లికే బయల్దేరాం, ఒకరి వెనక ఒకరం, ఒకరి బండికి ఒకరం తగలకుండా నత్తల్లా. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి.

దారిపొడుగునా నాదొకటే ఆలోచన. మేమిద్దరం గుద్దుకుంటే, ఎవరి ఇన్సూరెన్స్‌తో ఎవరి కారు బాగుచేయించాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. యాదగిరిని మాత్రం అడగమనకండి, మళ్ళీ ఇంకెవరి తాళాలో ఇస్తాడు.