మూడు తరాల కూపీ

మా కూపీ మేడంకు ఎవరినైనా పరిచయం చేస్తే ఆమె చూసేది ఆ మనిషిని కాదు, ఆ మనిషి వెనకాల నిలబడ్డ మూడు తరాలను. "బాగున్నారా?" అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. "మీ నాన్నమ్మ బాగానే నడిచేదా?" అన్నది మాత్రం పదకొండేళ్ళలో కొన్ని వేలసార్లు విన్నాను.

ఆమె అసలు పేరు పరిశోధనశాల తలుపు మీద ఉంది. దాన్ని చదివినవాళ్ళు లేరు. మెదడు వెనక భాగంలో మన నడకను, చేతి కదలికను సరిచూసే కణాలు ఒక్కొక్కటే రాలిపోయే జబ్బు ఒకటుంది. లక్షల్లో ఒకరికి వస్తుంది. వచ్చిన ఇంటిని మాత్రం తరతరాలూ వదలదు. ఏ ఇంట్లో అది ఏ జన్యువులో దాక్కుందో పట్టుకోవడం ఆమె పని. ఆమె చెప్పినదాన్ని నలుగురికీ అర్థమయ్యే నివేదికగా మార్చడం నా పని.

ఒకసారి మేమిద్దరం లిఫ్టులో ఇరుక్కున్నాం. పైనుంచి మెకానిక్ చేతిలో పెద్ద స్పానరుతో తొంగిచూసి, "కంగారుపడకండి" అన్నాడు.

"నాకేం కంగారు! మీ చేతికి ఆ వణుకు ఎప్పట్నుంచి?"

"బరువు పట్టుకున్నాను కదండీ!"

"మీ నాన్నగారికి ఉండేదా?"

"ఆయనకి లేదు. మా మేనమామకుండేది."

అంతే సంగతులు. నలభై నిమిషాలకు తలుపు తెరుచుకుంటే నేను ఒక్క దూకులో బయటపడ్డాను. మేడం కదలలేదు. "ఆగు, వాళ్ళ పెద్దమ్మ వైపు ఇంకా మిగిలే ఉంది." చూస్తే మెకానిక్ కూడా లోపలికి దిగి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఎదురుదారిలో వచ్చిందని ఆమెను ఆపిన ట్రాఫిక్ పోలీసు గతీ అంతే. వెనక బండ్లన్నీ హారన్లు మోగిస్తుంటే అతను ఫోనులో, "అమ్మా, మన చిన్నతాత ఎలా పోయాడే?" అని అడుగుతూ కనిపించాడు.

"మొదటిసారి కలిసినప్పుడు మూడు గంటలు మావాళ్ళ గురించే అడిగింది. ప్రేమనుకున్నాను" అంటాడు మేడం వాళ్ళాయన.

"కాదా మరి?" అంటుంది మేడం.

"మా బాబాయి మూర్ఛల గురించి చెప్పినప్పుడు నీ కళ్ళు మెరిశాయి. నా గురించి చెప్పినప్పుడు మెరవలేదు."

ఇలా లాగిన కూపీలన్నీ వంశవృక్షాలుగా కాగితమెక్కుతాయి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, జబ్బున్నవాళ్ళకు నలుపు, పోయినవాళ్ళకు అడ్డగీత. లోకమంతటా పద్ధతి ఇదే. మేడం మాత్రం పక్కన పెన్సిలుతో ఇంకేదో రాస్తుంది. "ఈల బాగా వేసేవాడు." "పిల్లల జుట్టు తనే కత్తిరించేది."

"మనం ఈల జన్యువు కోసం వెతుకుతున్నామా?" అని డైరెక్టరుగారు ఓసారి వెటకారమాడారు.

"లేదు సార్. ఈల ఎప్పుడు మానేశాడని వెతుకుతున్నాను. ఆస్పత్రి చీటీలో నలభై ఆరో ఏట జబ్బు మొదలైందని ఉంది. వాళ్ళావిడేమో ముప్పై తొమ్మిదిలోనే ఈల ఆగిపోయిందంటోంది."

ఆ తర్వాత డైరెక్టరుగారు వెటకారం మానేశారు. పరిశోధన అంటే తెల్లకోటూ త్యాగమూ అని రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. కానీ ఏడేళ్ళ ఆచూకీని ఒక ఈలలో పట్టుకున్న మనిషిని చూసి నోరు తెరవక తప్పలేదు.

ఇంతకూ అసలు కథ ఒక ప్రూఫ్‌రీడరుతో మొదలైంది. నలభై ఏళ్ళది, అచ్చాఫీసులో పని. నడిస్తే తూలుతుంది, పెన్ను పట్టు తప్పుతోంది. వాళ్ళ నాన్నా అలాగే తూలి తూలి పోయాడు. తాత సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. మేడం అనుమానం మూడు జన్యువుల్లోని మూడు మార్పుల మీదికి వచ్చి ఆగింది. అందులో దోషి ఏదో తేలాలంటే అదే ఇంట్లో పుట్టి, జబ్బు రాకుండా ముసలితనం చూసిన మనిషి కావాలి. ఆ మనిషి ఈమె మేనత్త. ఎనభై రెండేళ్ళు, నిటారుగా నడుస్తుంది. ఆమె రక్తంలోనూ కనిపించిన మార్పు నిర్దోషి అన్నమాట.

మేనత్త తలుపు సగమే తీసింది. "రక్తమా? తాగుబోతు కూతురి రక్తంలో ఏం ప్రవహిస్తోందో చూద్దామనా?"

నేను మెట్లవైపు తిరిగాను. మేడం మాత్రం గుమ్మంలోనే నిలబడి, "మీ నాన్నగారు ఏం పని చేసేవారమ్మా?" అంది.

మూయబోయిన తలుపు ఆగింది. ఆయన ఎంత తాగేవాడని అడిగినవాళ్ళే గానీ ఏం పని చేసేవాడని ఇన్నేళ్ళలో ఎవరడిగారు!

"గడియారాలు బాగుచేసేవాడు."

"చిన్న మరలు చేతిలోంచి జారేవా? పొద్దునా, సాయంత్రమా?"

"పొద్దున్నే. షాపు తెరిచీ తెరవగానే."

"తూలడం?"

"లేచిన దగ్గర్నుంచీ."

"పడుకునే వేళకి దిగిపోయేదా?"

మేనత్త తలుపు ఇంకాస్త తీసింది. "లేదు. ఒక్కరోజూ దిగలేదు... అంటే అమ్మాయ్, మా నాన్న..."

"ఇప్పుడేమీ చెప్పలేనమ్మా. నా దగ్గర రుజువు లేదు."

మేనత్త ఆమెను ఎగాదిగా చూసి చేయి చాపింది. "తీసుకో. కానీ నేను పోయేలోపల చెప్పాలి."

మెట్లు దిగుతూ నేను గొణిగాను. "ఓ మంచిమాట అంటే మీ సొమ్మేం పోయింది?"

"రేపు అది కాదని తేలితే? ఆవిడ నాన్నని రెండోసారి తాగుబోతుని చేసినవాళ్ళమవుతాం."

పదహారు నెలలు పట్టింది. మూడు మార్పుల్లో రెండు మేనత్తలోనూ ఉన్నాయి. మూడోది లేదు. ఆ మూడోదాంట్లో, జన్యువు రాతలోని మూడక్షరాల ముక్క ఒకటి మామూలుగా ఇరవై చిల్లర సార్లు వస్తుంది. మేనకోడలిలో అరవై రెండుసార్లు వచ్చింది.

"అరవై రెండా? ఎవడమ్మా ఆ అక్షరాలు పేర్చిన కంపోజిటరు! ప్రూఫు చూసే దిక్కే లేదా?" అంది మా ప్రూఫ్‌రీడరు.

ఆమె చర్మంలోంచి తీసిన కణాలను మేడం నాడీకణాలుగా పెంచింది. సూక్ష్మదర్శినిలో చూడమంది. పచ్చగా మెరిసే సన్నని పోగులు, వాటి మధ్య ఉండచుట్టుకున్న మచ్చలు. కణం ఆ చెత్తను ఎత్తిపోయలేక తనే మునిగిపోతోంది. పక్క పళ్ళెంలో, అదనపు అక్షరాలు కత్తిరించిన కణాలు శుభ్రంగా బతుకుతున్నాయి. నేను కన్ను తీయలేకపోయాను. ఒక గడియారాలాయన చేతిలోంచి మర ఎందుకు జారిందో, ఆయన పోయిన యాభై ఏళ్ళకు, గోరంత గాజుబిళ్ళ మీద కనబడుతోంది!

మందు చేతికందినట్టేనని నివేదికలో రాయబోతే మేడం కొట్టేసింది. "పళ్ళెంలో కణాలు బతికాయి. అంతే రాయి."

వ్యాసం అచ్చుకు వెళ్ళింది. పని అయిపోయిందనుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఫోను. "బండి తియ్యి. మేనత్తకి చెప్పాలి."

"ఉత్తరం రాస్తే పోదా?"

"ఉత్తరంతో కుదరదు. నేనే వెళ్తాను. ఇది తొమ్మిదో ఇల్లు."

బద్ధకస్థుడని పేరుపడ్డవాడు, గాలి సోకిందని గదిలో పెట్టి తాళం వేసిన ఇల్లాలు... నిజం తేలిన ప్రతి ఇంటికీ ఆమె ఇలాగే వెళ్ళి, పోయినవాళ్ళ మీద పడ్డ మచ్చ తుడిచి వస్తోందట.

"పోయినవాళ్ళకి ఏం ఒరుగుతుంది?" అన్నాను.

"వాళ్ళని తిట్టుకున్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారుగా!"

తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవరాలికి దిగిన జబ్బు సంగతి మేనత్త అంతా విన్నది. మేనకోడలు కర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. ముసలావిడ ఏడుస్తుందేమోనని నేను రుమాలు తీశాను. ఆవిడ చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికత్తా?"

"ఎదురింటికి. సైకిల్ షాపువాడు ఇంకా ఉన్నాడు."

ఎనభై ఆరేళ్ళ సైకిల్ షాపాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, మా నాన్న తాగి నీ సైకిళ్ళన్నీ పడేశాడని వీధంతా చాటింది నువ్వే కదూ?"

"ఏనాటి మాటమ్మా!"

"ఈ అమ్మాయి చెబుతుంది, విను."

మేడం ఓపిగ్గా, ఆయన సైకిళ్ళ భాషలోనే చెప్పింది. చక్రాలు బాగున్నాయి, పెడళ్ళు బాగున్నాయి, హ్యాండిల్ బిగించే నట్టు లోపల్లోపల అరిగిపోయింది.

"నట్టు అరిగితే ఎవడైనా పడాల్సిందే" అని ఒప్పుకున్నాడు ముసలాయన. "అయితే ఆయన తాగేవాడు కాదా?"

"తాగేవారో లేదో నాకు తెలీదు. పడింది మాత్రం అందుకు కాదు."

మేనత్త కళ్ళెర్రజేసింది. "తాగలేదు!"

"సరే, తాగలేదు. తప్పయిపోయిందమ్మా" అన్నాడాయన, తలవంచుకుని.

"ఇంత మెల్లగానా? అప్పుడెంత గొంతుతో అన్నావో అంత గొంతుతో అను."

ముసలాయన షట్టరు పట్టుకుని లేచాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "గడియారాలాయన తాగలేదోయ్!"

పైన కిటికీ ఒకటి తెరుచుకుంది. "ఏ గడియారాలాయన?"

"మా నాన్న!" అంది మేనత్త, వీధి ఆ చివరకు వినబడేలా.