అందిందన్న చీటీ

భద్రాచలం బస్టాండు వెనుక సందులో హీరాలాల్‌ది ఒకే గది, రెండు కంప్యూటర్లు. మణుగూరు దగ్గరి తండాలో పుట్టి, ఖమ్మంలో డిప్లొమా చదివినవాడు. దరఖాస్తు పని మీద ఎవరొచ్చినా ముందు కుండలోని చల్లటి నీళ్లు ఇచ్చి, వాళ్లు తాగాకే కాగితాలు అడిగేవాడు.

అడవి ఊళ్లవాళ్ల కోసం అతడే ఒక ప్రోగ్రాం రాశాడు. అందులో వివరాలు నింపితే, లోపల ఇమిడ్చిన బ్రౌజర్ వాటిని ప్రభుత్వ ఆఫీసు వెబ్‌సైటుకు పంపేది. తెర మీది ఇంగ్లీషు చూసి జనం బెదురుతున్నారని ఆ బ్రౌజర్‌ను సీతారాముల పటంతో కప్పేశాడు. అవతలి నుంచి పేజీ రాగానే ‘అందింది’ అని చీటీ అచ్చయ్యేది. జనం దాన్ని కళ్లకద్దుకుని వెళ్లేవారు.

2008 జూన్‌లో, నర్సింగ్ శిక్షణ దరఖాస్తులకు మర్నాటితో గడువు తీరుతుందనగా, పొద్దున్నే ఒకరిది పంపుతుంటే ఎందుకో పటం రాలేదు. వెనకున్న పేజీలో 500 అన్న అంకె కనిపించింది. అవతలి కంప్యూటరే పని చేయలేకపోయిందని దానర్థం. అదే క్షణంలో ప్రింటరు ‘అందింది’ అని చీటీ ఇస్తోంది!

హీరాలాల్ తను రాసిన ప్రోగ్రాం తెరిచి చూశాడు. పని కాలేదని చెప్పేందుకు వచ్చేది కూడా పేజీయే. దానితో వచ్చే అంకెను చదవమని అతడు ప్రోగ్రాముకు చెప్పనేలేదు.

ఆ దరఖాస్తును మళ్లీ పంపి, ఇదివరకు పంపిన పేర్లన్నీ వెబ్‌సైటులో వెతికాడు. ఒక్కటే లేదు. చర్ల అవతలి గూడెం పిల్ల వనజది. మళ్లీ పంపాలంటే సర్టిఫికెట్లతో ఆమే రావాలి. ఆ ఊళ్లో ఫోను లేదు. గదికి తాళం వేసి బస్సెక్కాడు. చర్లలో దిగి ఏడు కిలోమీటర్లు బురదలో నడిచాడు.

వనజ తల్లి ముత్తక్క పోడు చేనులో ఉంది.

“ఏంది కొడకా, బస్సోడు దారి తప్పి దించిండా?” అని నవ్వింది.

“తప్పింది నేనక్కా. వనజ దరఖాస్తు పోలే. రేపు అయిదింటికి ఆఖరు.”

ముత్తక్క నవ్వు ఆగిపోయింది. “చీటీ ఇచ్చినవ్ గద! కంప్యూటర్ గూడ అబద్ధమాడుతదా?”

“అది నిజమే చెప్పిందక్కా. నేనే దాని నోరు మూసిన.”

ఆమె జొన్న జావ ముంత అతడి ముందు పెట్టింది. “తాగు. గింత దూరం నడిచొచ్చినవ్. తిట్టాల్నంటే రేపు తిడ్త.”

హీరాలాల్ సాయంత్రానికి తిరిగొచ్చి, పని అయిందని చెప్పే 200 అన్న అంకె వస్తే తప్ప చీటీ రాకుండా ప్రోగ్రాం మార్చాడు. పటం తీసేశాడు.

మర్నాడు తల్లీకూతుళ్లు మొదటి బస్సులోనే వచ్చారు. పంపితే 500. మళ్లీ 500. పన్నెండయింది, మూడయింది. వనజ సర్టిఫికెట్ల సంచిని ఒడిలోంచి దించలేదు. నాలుగున్నరకు, ఆ రాముడి దయ, 200 వచ్చింది. ఆ అంకెనూ హీరాలాల్ పూర్తిగా నమ్మలేదు. వెబ్‌సైటులో పేరు వెతికి, కనబడ్డాకే అచ్చు తీసి ముత్తక్కకు అందించాడు.

ఆమె చేయి చాచలేదు.

“ముందు నువ్వు చదువు బిడ్డా,” అంది కూతురితో.

వనజ తన పేరు, ఊరు, దరఖాస్తు నంబరు ఒక్కో అంకె చొప్పున పైకి చదివింది. అది ముగిసేదాకా హీరాలాల్ నిలబడే ఉన్నాడు. అప్పుడు ముత్తక్క కాగితం తీసుకుంది.